నొప్పికి తెలివితేటలు కావాలా?

"నాకంటే ముందు అది వెళ్ళిపోతే చాలు తల్లీ, ఇంకేమీ వద్దు." బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డని కన్న తల్లి నోట ఈ మాట వినని వాళ్ళు మనలో తక్కువమందే ఉంటారు. గుడి మెట్ల మీద, పింఛను క్యూలో, ఆసుపత్రి వరండాలో ఎక్కడైనా వినబడుతుంది. విన్నవాళ్ళు 'ఎంతైనా తల్లి మనసు' అని కళ్ళొత్తుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోతుంది. కోపం ఆ తల్లి మీద కాదు. డెబ్భై ఏళ్ళు దాటిన ఆడమనిషి చేత కన్నకూతురి చావు కోరుకునేలా చేసి, ఆ కోరికకి మాతృత్వం అని పేరు పెట్టి దణ్ణం పెట్టే ఈ సమాజం మీద.

ఆ కోరిక వెనక ఓ లెక్క ఉంది. నేను పోయాక దీనికి నీళ్ళెవరు పోస్తారు? బహిష్టు గుడ్డలెవరు మారుస్తారు? ఫిట్సొస్తే ఎవరు పట్టుకుంటారు? జబ్బు చేస్తే నొప్పెక్కడో ఎవరు కనిపెడతారు? అన్నిటికీ 'ఎవరూ లేరు' అన్న జవాబు తేలాకే ఆమె దేవుణ్ణి ఆ వరం అడుగుతోంది. ఇందులో ఆఖరి ప్రశ్న గురించి, అంటే జబ్బు గురించి, నొప్పి గురించి, చావు గురించి నేనిక్కడ మాట్లాడదలుచుకున్నాను. వికలాంగ స్త్రీల చదువు గురించీ, పెళ్ళి గురించీ, వాళ్ళ మీద జరిగే అత్యాచారాల గురించీ స్త్రీవాద పత్రికల్లో కాస్తో కూస్తో రాసుకున్నాం. వాళ్ళు కూడా నడివయసుకొస్తారనీ, వాళ్ళకీ క్యాన్సర్లొస్తాయనీ, వాళ్ళు కూడా చచ్చిపోతారనీ మనకి ఎందుకో తట్టలేదు.

తట్టకపోవడానికి ఓ కారణముంది. వాళ్ళని మనం ఎప్పుడూ పిల్లలనే అంటాం. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పెట్టినప్పటి నుంచీ మన దగ్గర జరిగిన పనిలో ఎక్కువ భాగం పిల్లల చుట్టూనే తిరిగింది. త్వరగా గుర్తించడం, ప్రత్యేక విద్య, మాటలు నేర్పడం. అవసరమైన పనే, కాదనను. ఆ సంస్థ పేరు కూడా ఇప్పుడు మారింది, 'సాధికారత' అన్న మాట వచ్చి చేరింది. బుద్ధిమాంద్యం అనకూడదు, మేధో వైకల్యం అనాలి అంటున్నారు. మంచిదే. పేర్లు మార్చడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. అయితే ఆ పిల్లలు పెరుగుతారు కదా. అమెరికాలో 1980ల మొదట్లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు సగటున పాతికేళ్ళు బతికేవారు, ఇప్పుడు అరవై దాకా బతుకుతున్నారు. నలభై దాటేసరికి వాళ్ళ మెదడులో అల్జీమర్స్ మార్పులు మొదలవుతాయి, యాభైల్లో చాలామందికి మతిమరుపు జబ్బు పైకి కనిపిస్తుంది. మింగడం కష్టమై, అన్నం మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఫిట్సు ముదురుతాయి. మలబద్ధకం అంటే నవ్వుతారు గానీ, నోరు విప్పి చెప్పుకోలేని మనిషిని అది నిజంగానే చంపుతుంది. వీటన్నిటికీ ఒకేసారి మందులివ్వాలంటే పిల్లల డాక్టరు కాదంటాడు, పెద్దల డాక్టరుకి తెలీదు.

మా పెద్దక్క సంగతి చెప్తాను. ఆమె 1978లో పుట్టింది, నాకంటే అయిదేళ్ళు పెద్ద. పల్నాటి వైపు చిన్న టౌను మాది. అక్కకి ఓ ముప్పై నలభై మాటలొచ్చు. చీపురు పట్టుకుంటే వాకిలి అద్దంలా ఉండేది. కొత్తవాళ్ళొస్తే వాళ్ళ చెప్పులు తీసి వరసగా పెట్టేది. మాటలు తక్కువే అయినా మనుషుల్ని చదవడంలో మా ఇంట్లో ఆమె తర్వాతే ఎవరైనా. నాన్న పోయినప్పుడు అందరూ 'దానికేం తెలుసు' అన్నారు. ఆయన చెప్పులు మాత్రం సంవత్సరం పాటు గుమ్మం దగ్గర నుంచి ఎవర్నీ తీయనివ్వలేదు.

2021 వేసవి దాటాక అక్క తిండి తగ్గించేసింది. మణికట్టు కొరుక్కునేది. పొట్ట మీద పిడికిలితో గుద్దుకునేది. వరండాలో పరుచుకునే చాపని స్నానాలగది ముందుకి, చల్లటి గచ్చు మీదికి లాక్కుపోయింది. నలభై మూడేళ్ళూ కళ్ళలో పెట్టుకుని చూసిన అమ్మ మొదటి రోజే చెప్పింది, దీనికి కడుపులో ఏదో నొప్పిగా ఉందని. అమ్మ మాట ఏ డాక్టరూ కేసు షీటులో రాయలేదు. ఒకాయన "ఇలాంటివాళ్ళకి ఇవన్నీ మామూలేనమ్మా" అని నిద్రబిళ్ళలు రాశాడు. రెండో ఆయన ఆ బిళ్ళల మోతాదు పెంచాడు. మూడో ఆవిడ, ఆడ డాక్టరే, పొట్ట మీద చెయ్యి వెయ్యకుండానే ముట్లుడిగే వయసు కదా చిరాకు సహజం అంది. అలా ఎనిమిది నెలలు గడిచాయి. కాళ్ళు వాచి, పొట్ట ఉబ్బి, గౌనులో పట్టనప్పుడు స్కానింగ్ తీశారు. అండాశయంలో మొదలైన క్యాన్సరు పొట్టంతా పాకింది, నీరు చేరింది.

ఆ క్యాన్సరు ఎవరికొచ్చినా ఆలస్యంగానే బయటపడుతుందని నాకు తెలుసు. ముందే చూసుంటే బతికేదని నేను వాదించడం లేదు. ఎనిమిది నెలల నొప్పికి వైద్యం ఎందుకు జరగలేదని అడుగుతున్నాను. జ్వరానికి ఎవరి తెలివితేటలూ కొలవకుండానే బిళ్ళ ఇస్తారు. నొప్పికి మాత్రం తెలివితేటలు కావాలా?

వైద్యశాస్త్రంలో దీనికి 1982 నుంచే ఓ పేరుంది. మనిషికి ఉన్న వైకల్యపు నీడ మిగతా జబ్బులన్నిటి మీదా పడి వాటిని కనబడకుండా చేయడం. పంటి నొప్పితో తల గోడకేసి కొట్టుకున్నా, చెవిలో చీముతో రాత్రంతా అరిచినా, పేగు మెలిపడి తిండి మానేసినా అంతా 'దాని బుద్ధే అంత' అనే ఒక్క ఖాతాలోకి పోతుంది. ఇంగ్లండులో ఈ లెక్క తీశారు. మెన్‌క్యాప్ అనే సంస్థ 2007లో అక్కడి ప్రభుత్వ వైద్యసేవలో పోయిన ఆరుగురి కథలు బయటపెట్టింది, ఆ గొడవ మీద ప్రభుత్వం విచారణకి దిగింది. తర్వాత బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 247 చావుల్ని ఒక్కొక్కటిగా తవ్వి 2013లో నివేదిక ఇచ్చారు. మేధో వైకల్యం ఉన్న మగవాళ్ళు మిగతా మగవాళ్ళకంటే 13 ఏళ్ళు ముందు పోతున్నారు. ఆడవాళ్ళు మిగతా ఆడవాళ్ళకంటే 20 ఏళ్ళు ముందు. ఆ పదమూడుకీ ఇరవైకీ మధ్య ఉన్న ఏడేళ్ళ తేడా దగ్గర స్త్రీవాదులుగా మనం కాసేపు ఆగాలి. అంత డబ్బున్న, ఉచిత వైద్యమున్న, ప్రతి చావుకీ కాగితమున్న దేశంలోనే ఇలా ఉంది.

మళ్ళీ అక్క దగ్గరికొస్తాను. నగరంలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ప్రతి మంచం దగ్గరా ఓ అట్ట తగిలించి ఉంది. సున్నా నుంచి పది దాకా అంకెలు, కింద నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా వరసగా బొమ్మలు. సిస్టరు అట్ట చూపించి "నీ నొప్పి ఎంతుందమ్మా, చూపించు" అంది. అక్క నవ్వే మొహం మీద వేలు పెట్టింది. బొమ్మల్లో అదొక్కటే బాగుంది మరి. సిస్టరు 'నొప్పి: సున్నా' అని రాసుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి అక్క చెయ్యి నెత్తురొచ్చేలా కొరుక్కుంది. పొద్దున్న రౌండ్సులో ఆ గాయం చూసి, ఇంకోసారి కొరుక్కోకుండా రెండు చేతులూ గుడ్డతో మంచానికి కట్టించారు. కేసు షీటులో మాత్రం సున్నా అలాగే ఉంది.

నేను సిస్టరుని తప్పుపట్టడం లేదు. ముప్పై మంది రోగులకి ఒక్కతి, నెలాఖరుకి వచ్చే జీతం మన పనిమనుషులకంటే గొప్పదేం కాదు. ఆమె చేతికి ఆ అట్టనిచ్చిన శాస్త్రం మీద నా గొడవ. నొప్పిని అంకెగా మార్చి చెప్పగలిగినవాడే రోగి అని అది అనుకుంటోంది. అలా చెప్పలేని వాళ్ళకోసం పద్ధతులు లేక కాదు. ఇంగ్లండు ఉత్తరప్రాంతంలో ఉపశమన వైద్యులు, నర్సులు కలిసి 'డిస్‌డాట్' అనే పత్రం తయారుచేశారు. అందులో అంకెలుండవు. ఈ మనిషి హాయిగా ఉన్నప్పుడు మొహం ఎలా ఉంటుంది, గొంతు ఎలా ఉంటుంది, ఎలా కూచుంటుంది? బాధలో ఉన్నప్పుడు ఏం మారుతుంది? ఆమెని ఎరిగినవాళ్ళు ఇది నింపాలి, వైద్యుడు దాన్ని చదివి కారణం వెతకాలి. అంతే. యూరప్ ఉపశమన వైద్యుల సంఘం 2015లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ విషయమై ఒక శ్వేతపత్రమే తెచ్చింది. ఐరీన్ టఫ్రీ వైన్ అనే నర్సు ఏళ్ళ తరబడి ఇలాంటి క్యాన్సరు రోగుల వెంట తిరిగి రాసింది. జబ్బు గురించీ చావు గురించీ మాటల్లేకుండా బొమ్మలతోనే చెప్పే పుస్తకాలున్నాయి.

ఈ శాస్త్రమేదీ చదవకుండానే మా ఇంటికొచ్చిన ఒక నర్సు ఇదంతా చేసింది. ఆసుపత్రిలో "ఈవిడకి కీమో ఎందుకమ్మా, సహకరించదు, ఆవిడకి మాత్రం ఏం తెలుస్తుంది" అని పంపించేశాక, ఇళ్ళకొచ్చి చూసే చిన్న బృందమొకటుందని ఎవరో చెబితే కబురు పెట్టాం. ఆమె వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకోలేదు. అక్క చాప పక్కన గచ్చు మీద గంటసేపు కూచుంది. అక్క అన్నం ఎలా తింటోందో చూసింది. తర్వాత మా అమ్మని అడిగింది, "పెద్దమ్మా, పాప బాగున్నప్పుడు ఎలా ఉంటుంది?" అని. నలభై నాలుగేళ్ళలో మా అమ్మని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. దీనికేం రాదు, దీనికేం తెలీదు, దీనికేం తక్కువ అని అడిగారు గానీ, బాగున్నప్పుడెలా ఉంటుందని అడిగినవాళ్ళు లేరు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చి, ఏడుపాపుకుని, చెప్పడం మొదలెట్టింది. చెప్పులు సర్దుతుంది. సాయంత్రం బజ్జీల బండి గంట వినబడితే చప్పట్లు కొడుతుంది. ఎడంపక్కకే తిరిగి పడుకుంటుంది. నర్సు ఒక నోటుబుక్కులో ఎడంవైపు పేజీలో 'హాయి', కుడివైపు పేజీలో 'బాధ' అని రాసి, ఇద్దరూ కలిసి నింపారు. వెంట వచ్చిన డాక్టరు మార్ఫిన్ బిళ్ళలు, దాంతోపాటు విరోచనానికి మందు ఇచ్చాడు. మార్ఫిన్ వేసుకుంటే మలబద్ధకం తప్పదు, అక్క అది చెప్పుకోలేదు కాబట్టి ముందే ఇస్తున్నానన్నాడు. మూడోరోజు అక్క ఎడంపక్కకి తిరిగి పడుకుంది. వారం తిరక్కుండా బజ్జీ అడిగింది.

ఒక బిళ్ళ! అదీ చవకైన బిళ్ళ. అంతకుముందు అడిగినచోటల్లా "మార్ఫినా? అలవాటు పడిపోతుందమ్మా" అన్నారు. ఇంకో మూడు నెలలు బతకబోయే మనిషికి అలవాటు గురించి బెంగ! మత్తుమందుల చట్టం 1985లో వచ్చినప్పటి నుంచీ లైసెన్సుల భయంతో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి తేలిక చేశారు. భయం మాత్రం డాక్టర్ల బుర్రల్లో అలాగే ఉంది. అదే డాక్టరు నిద్రబిళ్ళలు మాత్రం ఎనిమిది నెలలు ధారాళంగా రాశాడు. నొప్పి తగ్గించే మందుకి వంద అనుమానాలు, నోరు మూయించే మందుకి ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక విషయం తేటగా చెప్పుకోవాలి. పాలియేటివ్ కేర్, ఉపశమన సేవ అనగానే 'ఇక వదిలేశారు' అని మనవాళ్ళ అర్థం. జబ్బు కనిపెట్టిన నాటి నుంచే, మిగతా వైద్యంతోపాటే, నొప్పికీ ఆయాసానికీ భయానికీ ఇంటివాళ్ళ అలసటకీ చేసే చికిత్స అది. వదిలెయ్యడం వేరు. మేధో వైకల్యం ఉన్నవాళ్ళకి ఈ రెంటినీ కలిపేస్తారు. 2020లో కోవిడ్ మొదటి విడతలో ఇంగ్లండులో కొన్నిచోట్ల, గుండె ఆగితే ఆడించే ప్రయత్నం చెయ్యొద్దన్న పత్రాలు ఇలాంటివాళ్ళ కాగితాల్లో గుంపగుత్తగా చేరాయి. అంతకుముందు కూడా డౌన్ సిండ్రోమ్ ఉండడమే కారణంగా రాసిన పత్రాలు బయటపడ్డాయి. వైకల్యమే చావుకి తగిన కారణమైపోయింది. మా అక్కకి 'కీమో ఎందుకు' అన్న డాక్టరుది అదే ధోరణి. కీమో వద్దనడానికి వైద్యపరమైన కారణాలు బోలెడుండొచ్చు, అవి చెప్తే మేం వినేవాళ్ళం. 'ఆవిడకేం తెలుస్తుంది' అనేది వైద్య కారణమే కాదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇదే అక్కకి పదహారేళ్ళున్నప్పుడు, 1994లో, ఒంట్లో ఏ జబ్బూ లేని రోజుల్లో, ఒక లేడీ డాక్టరు గర్భసంచి తీసేయిస్తే హాయి కదమ్మా అని మా అమ్మకి చెప్పింది. శుభ్రం చేసే బాధ ఉండదు, రేపు ఎవడైనా ఏదైనా చేసినా భయం ఉండదు అంది. ఎవడైనా ఏదైనా చేస్తే తప్పు వాడిది కాదు, గర్భసంచిదన్నమాట. అమ్మ ఒప్పుకోలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ హోంలో ఉన్న మేధో వైకల్యమున్న ఆడపిల్లల్ని పూణే తీసుకొచ్చి గర్భసంచులు తీశారు. స్త్రీల సంఘాలు గట్టిగా గొడవచేస్తే ఆగింది. ఈ దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలున్నాయి, కూలిపనుల ఆడవాళ్ళ పొట్టలు కోసి నర్సింగ్ హోములు ఎలా లేచాయో మనకి తెలుసు. అంటే, జబ్బు లేని అవయవాన్ని ఇతరుల సౌకర్యం కోసం కోయడానికి ఈ శరీరాలు పనికొస్తాయి. జబ్బున్న అవయవానికి, ఆ మనిషి సౌఖ్యం కోసం, ఓ స్కానింగ్ తీయమంటే మాత్రం 'ఎందుకమ్మా ఇంత శ్రమ' అంటారు. 1994లో ఆ శరీరం నిర్ణయాలు తీసుకోవడానికి పోటీపడ్డ వైద్యం, 2021లో దాన్ని తాకడానికే ఇష్టపడలేదు.

శిరూర్ విషయంలో మన ఉద్యమం సరిగ్గా నిలబడింది. 2009లో చండీగఢ్ హోంలో అత్యాచారానికి గురైన మేధో వైకల్యమున్న యువతి బిడ్డని కంటానంటే, హైకోర్టు అబార్షన్‌కి ఆదేశించినా, సుప్రీంకోర్టు ఆమె అంగీకారం లేకుండా కుదరదంది. ఆ తీర్పుని మనం మెచ్చుకున్నాం. నా అభ్యంతరమల్లా, ఆమె గర్భసంచి దగ్గర మొదలైన మన ఆసక్తి అక్కడే ఆగిపోవడం. నా శరీరం నాది అన్న నినాదం పునరుత్పత్తి దగ్గర ఎంత నిజమో క్యాన్సరు వార్డులోనూ అంతే నిజం కావాలి. మాట రాని మనిషి 'నా శరీరం నాది' అని ఎలా చెప్తుంది? మణికట్టు కొరుక్కుని చెప్తుంది. అది చదవడం నేర్చుకోవాల్సింది మనమే.

చట్టాల సంగతి చూడండి. గౌరవంగా చనిపోయే హక్కు మీద సుప్రీంకోర్టు 2018 మార్చిలో పెద్ద తీర్పిచ్చింది, 2023 జనవరిలో దాని పద్ధతుల్ని సులువు చేసింది. ప్రాణం పోసే యంత్రాలు వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కు అందులో ముఖ్యమైంది. ఆ కాగితం రాయాలంటే మాత్రం స్థిరమైన బుద్ధి ఉండాలి. లేనివాళ్ళ విషయం ఆసుపత్రి వైద్యబోర్డులు, దగ్గరి బంధువులు కలిసి తేలుస్తారు. బాగానే ఉంది, దగ్గరి బంధువెవరు? మా అక్క కాగితాల మీద సంతకం అడిగినప్పుడు అమ్మ పెన్ను తీసుకోబోతే, "మగవాళ్ళెవరూ రాలేదా" అన్నారు. పదేళ్ళుగా పండక్కి తప్ప ఇంటికి రాని అన్నయ్య రైలెక్కి వచ్చేదాకా ఫైలు కదల్లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు దాటిన ఇలాంటి మనిషికి కన్నతల్లి కూడా సంరక్షకురాలిగా దరఖాస్తు పెట్టుకోవాలి. కొడుకు సంతకానికి ఏ దరఖాస్తూ అడగని ఆసుపత్రి, అమ్మని అప్పుడు ఆ కాగితం చూపించమంది!

ఇంక అక్కకి చెప్పడం గురించి. చెప్పొద్దన్నారు అందరూ. నేను చెప్పాను. పొట్టలో గడ్డ ఉంది, అది పోదు, నొప్పికి మందిస్తారు, ఇంట్లోనే ఉంటావు అని. ఆమె కాసేపు నా మొహం చూసి, "అమ్మ ఉంటదా?" అంది. ఉంటుందన్నాను. సరేనన్నట్టు తలూపి బజ్జీ కాగితం మడత పెట్టుకుంది. చావు దగ్గరికొచ్చిన ఏ మనిషైనా అడిగేది ఇంతకంటే వేరే ఏముంటుంది?

'అమ్మ ఉంటదా' అన్న ప్రశ్న మీదే మన ఉపశమన వ్యవస్థంతా నిలబడి ఉంది. ఇంట్లో ఒక ఆడది ఉంటుందనీ, జీతం అడగదనీ, నడుం విరిగినా లేస్తుందనీ అందరూ నమ్మకంగా ఉన్నారు. కేరళని ఆదర్శమంటారు. నిజంగానే గొప్ప పని జరిగింది అక్కడ. 1993లో కోళిక్కోడ్‌లో మొదలైన చిన్న క్లినిక్కు ఊరూరా వలంటీర్ల బృందాలుగా పెరిగి, 2008లో రాష్ట్ర ప్రభుత్వ విధానమైంది, పంచాయతీలు నర్సుల్ని పెట్టి ఇళ్ళకి పంపుతున్నాయి. తెలంగాణలో కూడా జిల్లాల్లో ఉపశమన కేంద్రాలు పెట్టి, ఇంటికెళ్ళి చూసే 'ఆలన' వాహనాలు తిప్పారు. ఆ నర్సు వెళ్ళిపోయాక మిగిలిన ఇరవైమూడు గంటలూ ఎవరివి? అమెరికా తత్వవేత్త ఇవా కిట్టే తీవ్ర వైకల్యమున్న కూతురి తల్లి. సమానత్వ సిద్ధాంతాలన్నీ ఎవరి మీదా ఆధారపడని మనిషిని ఊహించుకుని రాశారనీ, ఆధారపడే మనిషినీ ఆమెని మోసేవాళ్ళనీ లెక్కలోంచి తప్పించారనీ 1999లోనే ఆమె 'లవ్స్ లేబర్' అనే పుస్తకం రాసి వాదించింది. మన స్త్రీవాదం కూడా ఆర్థిక స్వాతంత్ర్యం, స్వయంనిర్ణయం అంటూ ఎవరి మీదా ఆధారపడని ఆడదాన్నే ఎక్కువ ఊహించుకుంది. మా అమ్మా అక్కా ఆ బొమ్మలో ఎక్కడా పట్టరు.

'సంరక్షకుల భత్యం' అన్న మాట 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షనులో ఉంది. ప్రభుత్వపు ఆర్థిక స్తోమతని బట్టి అన్న తోక కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకి నెలకి 15,000 పింఛను, మిగతా వికలాంగులకి 6,000 చేశారు. మంచి పనే, పొగుడుతాను. మంచాన పడకుండా లేచి తిరుగుతూ, గ్యాసు వెలిగించేస్తుందేమో, వీధిలోకి వెళ్ళిపోతుందేమో అని రెప్ప వెయ్యకుండా కాపలా కాయాల్సిన మనిషికి ఎక్కువ శ్రమా తక్కువ శ్రమా? ఆ పింఛను కూడా రోగి పేరునే వస్తుంది, రోగి పోయిన నెల నుంచి ఆగిపోతుంది. అరవై ఏళ్ళొచ్చేదాకా బయట ఏ ఉద్యోగమూ చెయ్యలేకపోయిన తల్లికి ఆ తర్వాత మిగిలేది నడుంనొప్పి ఒక్కటే.

2022లో అక్క పోయింది. నొప్పి లేకుండా, తన చాప మీద, అమ్మ పక్కనుండగా. పలకరించడానికొచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, "అదృష్టవంతురాలివి వదినా, నీ ముందే దాటిపోయింది, ఇక నువ్వు ఫ్రీ." పిన్ని అయితే, దానికీ విముక్తి నీకూ విముక్తి అంది. మిగతా ఏ కూతురు పోయినా ఎవరైనా ఈ మాట అనగలరా? అమ్మ పదకొండో రోజు దాకా ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు "నాకు కూతురు పోయిందే, బరువు పోలేదు" అంది. మా అమ్మ కూడా ఒకప్పుడు అందరు తల్లుల్లాగే ఆ మొక్కు మొక్కింది. మొక్కు తీరాక ఆమెకి దక్కింది పొద్దున్న నాలుగింటికే మెలకువ వచ్చి, ఎవరికీ నీళ్ళు కాచే పనిలేక కూచోవడం.

అక్కకి అమ్మ ఉంది. అమ్మ పోయాక హోముల్లో చేరిన అక్కల సంగతేమిటి? ప్రభుత్వ హోముల్లో, దాతలు నడిపే ఆశ్రమాల్లో మేధో వైకల్యమున్న ఆడవాళ్ళు వార్డుల కొద్దీ ముసలివాళ్ళవుతున్నారు. అక్కడ యాభై మందికి ఇద్దరు ఆయాలు. ఎవరు ఎటు తిరిగి పడుకుంటారో, ఎవరు ఏ గంట వినబడితే చప్పట్లు కొడతారో ఆ ఇద్దరికైనా తెలుస్తుందా? తెలిసినా, ఆయా చెప్పింది ఏ డాక్టరు రాసుకుంటాడు? ప్రతి మనిషికీ ఒక నోటుబుక్కు ఉండాలనీ, ఆసుపత్రికెళ్తే కేసు షీటుకి దాన్ని జతపరచాలనీ, జిల్లా ఉపశమన కేంద్రం నర్సు నెలకోసారి హోముకి రావాలనీ అడగడానికి కొత్త చట్టాలక్కర్లేదు. 2016 చట్టం 25వ సెక్షను వైద్యంలో వికలాంగులకి ప్రాధాన్యమివ్వాలనే చెప్తోంది.

ఇంకొకటి. సంరక్షకుల్ని నియమించే కమిటీ ప్రతి జిల్లాలో ఉండాలని నేషనల్ ట్రస్టు చట్టం అంటుంది. అందులో కలెక్టరు, వైకల్యమున్న ఒక వ్యక్తి, ట్రస్టులో నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఒకరు ఉంటారు. అన్నదమ్ములు ఆస్తి కాగితాల కోసం సంరక్షకులమని వచ్చేది ఆ కమిటీ ముందుకే. ఆ అక్క ఎవరి దగ్గర బతుకుతుందో, రేపు ఆమె వైద్యం మీద ఎవరి సంతకం చెల్లుతుందో తేలేది అక్కడే. ఇరవై ఏళ్ళుగా కుటుంబ సలహా కేంద్రాలు నడుపుతున్నాం, గృహహింస కేసుల్లో రక్షణ అధికారుల పక్కన కూచుంటున్నాం. ఆ కమిటీలో మూడో కుర్చీ కోసం మన సంఘాల్లో ఎన్ని నమోదు చేసుకున్నాయి?